కరెంటు బిల్లులో పాత బాకీ: భారం చివరికి ఎవరి మీద వాలుతోంది?

మా వీధి చివర ఒక పిండిమర ఉంది. నడిపే ఆయన్ని వీధంతా బాబాయ్ అనే పిలుస్తుంది. సంక్రాంతి ముందు అరిసెలకి తడిబియ్యం గిన్నెలు గుమ్మం దాకా వరసకడతాయి. మార్చి, ఏప్రిల్‌లో కారం ఆడించుకునేవాళ్లు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వస్తారు. మిగతా నెలల్లో మోటారు సగం రోజు ఊరికే ఉంటుంది. గత ఏడాది ఒక సాయంత్రం గోధుమలు పట్టుకెళ్తే, ఆయన బిల్లు తీసి నా చేతిలో పెట్టాడు. "అబ్బాయ్, నువ్వు రాస్తుంటావుగా. ఇందులో ఈ నెల నేను వాడిన కరెంటుకి ఎంతో కాస్త విడదీసి చెప్పు" అన్నాడు.

చెప్పడానికి పావుగంట పట్టింది. యూనిట్లకు ఎనర్జీ చార్జీ ఒక లైను. మోటారు ఎన్ని హార్స్‌పవరో దాన్నిబట్టి ఫిక్స్‌డ్ చార్జీ ఒకటి. కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం ఆ కింద. ఇంకా కిందికి వస్తే ఎఫ్‌పీపీసీఏ అని, అంటే ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు అని ఒకటికి రెండుసార్లు ఉంది. ఒక దాని పక్కన 2022-23 అని ఉంది. అది రెండేళ్ల కిందటి వాడకం తాలూకు అని చెప్పాను. బాబాయ్ నవ్వాడు. "ఆ పిండి తిన్నవాళ్లకి అది అరిగి కూడా రెండేళ్లయింది. ఇప్పుడెళ్లి ఎవర్ని అడగను?"

కరెంటు చార్జీలు పెంచితే ఆర్థిక వ్యవస్థకు ఏమవుతుందని చాలా నివేదికలు చదివాను కానీ, ఈ ప్రశ్న అడిగిన నివేదిక నాకు తగల్లేదు. మన దగ్గర చర్చ ఎప్పుడూ పెంచాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఏ రూపంలో పెంచుతున్నారు, ఆ భారాన్ని ఎవరు తప్పించుకోగలరు, ఎవరు తప్పించుకోలేరు అన్న దాకా రాదు. నా ఉద్దేశంలో అసలు నష్టం జరుగుతున్నది అక్కడే.

ఈ దాగుడుమూతలకు ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి, చేరవేతకు వేర్వేరుగా జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. చార్జీలు ఖరారు చేయడానికి కొత్తగా వచ్చిన నియంత్రణ మండలి 2000 మేలో మొదటి టారిఫ్ ఉత్తర్వు ఇచ్చింది, చార్జీలు ఒక్కసారిగా పెరిగాయి. వేసవంతా ఊరూరా ఆందోళనలు నడిచాయి. ఆగస్టు 28న అసెంబ్లీ ముట్టడికి బయల్దేరిన వాళ్లపై హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకార వేదిక మీదే రైతుల ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం పెట్టారు. ఈ రెండు తేదీల మధ్య జరిగింది చూసిన ఏ రాజకీయ నాయకుడూ యూనిట్ రేటు జోలికి తేలిగ్గా వెళ్లడు. వెళ్లకూడదని నేర్చుకున్నాడు కూడా.

కానీ బొగ్గు ధర రాజకీయ నాయకుడి భయాన్ని చూసి ఆగదు కదా. రేటు రూపంలో రావడానికి వీల్లేనిది వేరే పేర్లతో రావడం మొదలుపెట్టింది. 2012, 2013 ప్రాంతంలో రెండు మూడేళ్ల కిందటి వాడకంపై ఇంధన సర్దుబాటు చార్జీ వేస్తే జనం మండిపడ్డారు, కోర్టులకెక్కారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ పద్ధతిని మానలేదు, పేరు మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 నాటి లెక్కల తేడాను ట్రూ అప్ పేరుతో 2022 ఆగస్టు నుంచి వసూలు చేశారు. 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసలు సర్దుబాటు చార్జీ. అదీ చాలక, 2022-23 సంవత్సరానికి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు జనం నుంచి రాబట్టుకోవడానికి మండలి 2024 చివర్లో అనుమతి ఇచ్చింది. రెండూ కలిపితే 15 వేల కోట్లు దాటింది. ఆ పాపం మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఖర్చు పెట్టిన కాలం ఒకరిది, బిల్లు పంపిన కాలం ఇంకొకరిది.

పిండిమర దగ్గరికే మళ్లీ వద్దాం. నెలకు సుమారు 1,200 యూనిట్లు అనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు, వాణిజ్య కనెక్షన్లకు విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి ఏకంగా రూపాయి చేశారు. అంటే 94 పైసలు అదనం, నెలకు 1,128 రూపాయలు. దీనికి 40 పైసల సర్దుబాటు కలిపితే ఇంకో 480. మొత్తం 1,608. యూనిట్ రేటు మీద చెయ్యి పడకుండానే, పాత బాకీలు లెక్కలోకి తీసుకోకుండానే, ఏడాదికి 19 వేల చిల్లర. మరలో సాయం చేసే కుర్రాడికి అది రెండు నెలల జీతం. బాబాయ్ ఆ కుర్రాణ్ణి ఇప్పుడు పండగ సీజన్లోనే పిలుస్తున్నాడు.

పిండి ధర పెంచొచ్చు కదా అంటారు. కేజీకి రెండు రూపాయలు పెంచితే, పక్క సందులో కిరాణా కొట్టులో ప్యాకెట్ పిండి సిద్ధంగా ఉంటుంది. అయినా ముందుగా తెలిసిన ఖర్చును ధరలో కలుపుకోవచ్చు. ఎప్పుడో అమ్మేసిన పనికి ఇప్పుడు వచ్చిన బిల్లును ఏ ధరలో కలుపుతారు? పెద్ద కంపెనీ అయితే అలాంటి వాటికి పద్దుల్లో కొంత పక్కన పెట్టుకుంటుంది. చిన్న మర, ఐస్ ఫ్యాక్టరీ, వెల్డింగ్ షాపు, జిరాక్సు కొట్టు పక్కన పెట్టేది ఏముంటుంది? అద్దె షాపుల్లో ఇంకో తమాషా. బాకీ సర్వీసు నంబరుతో పాటు వస్తుంది కాబట్టి, పాత అద్దెదారు వాడిన కరెంటుకు కొత్తగా దిగినవాడు కడుతుంటాడు.

ఇక కరెంటే ముడిసరుకైన పరిశ్రమలు వేరు. విజయనగరం వైపు, ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు తీసే ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులు చూసినవాళ్లకి తెలుస్తుంది. ఒక టన్ను సిలికో మాంగనీస్ తీయడానికి దాదాపు 4,000 యూనిట్లు కావాలి. యూనిట్‌కు రూపాయి పెరిగితే టన్నుకు 4,000 రూపాయలు పెరిగినట్టే. ఆ సరుకు ధర వాళ్ల చేతిలో ఉండదు, అంతర్జాతీయ మార్కెట్ నిర్ణయిస్తుంది. పోటీకి ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో సొంత పవర్ ప్లాంట్లు పెట్టుకున్న వాళ్లున్నారు. అందుకే చార్జీలు పెరిగినప్పుడల్లా ఇక్కడ ఫర్నేసులు ఆర్పేస్తామన్న మాట వినిపిస్తుంది, కొన్నిసార్లు ఆర్పేశారు కూడా. ఫర్నేసు ఆగిన రోజు కాంట్రాక్టు కూలీకి పని లేదు, లారీకి కిరాయి లేదు, గేటు ముందు టిఫిన్ బండికి బేరం లేదు. ఇంకో సంగతి, కరెంటు పంపిణీ చేసే సంస్థ డిస్కంకి కూడా రోజంతా ఒకే తీరున కరెంటు కొని నెలనెలా డబ్బు కట్టే ఖాతాదారు పోయాడు.

మూతపడినవి కంటికి కనిపిస్తాయి, పేపర్లో వస్తాయి. కనిపించని నష్టం ఇంకొకటుంది. భారతదేశంలోని ఫ్యాక్టరీల లెక్కలు తీసుకుని అమా అబెబెరెసే అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం 2017లో అచ్చయింది. కరెంటు ధర పెరిగినప్పుడు కంపెనీలు వాడకం తగ్గించుకోవడంతో సరిపెట్టవని, కరెంటు తక్కువ పట్టే పనుల వైపు జరిగిపోతాయని, యంత్రాల వాడకం తగ్గుతుందని, దాంతో ఉత్పత్తి, ఉత్పాదకత పెరిగే వేగం దెబ్బతింటుందని ఆమె తేల్చారు. మన భాషలో చెప్పాలంటే, కొత్త మిషను కొందామనుకున్నవాడు పాతదానితోనే లాక్కొస్తాడు. మిషనుతో చేయాల్సింది చేత్తో చేయిస్తాడు. షాపు నడుస్తూనే ఉంటుంది, పెరగదు. వ్యవసాయంలోంచి ఫ్యాక్టరీ పనుల్లోకి మనుషుల్ని తేవాలనుకునే దేశానికి ఇది పెద్ద దెబ్బ.

ద్రవ్యోల్బణం గురించి ఇంత చర్చ అక్కర్లేదనుకుంటాను. 2012 ఆధారంగా లెక్కించిన వినియోగదారుల ధరల సూచీలో ఇంధనం, వెలుతురు మొత్తం కలిపి వాటా 6.84 శాతమే. నేరుగా పడే దెబ్బ చిన్నదే. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తా అద్దె, రైస్ మిల్లు ఖర్చు, వాటర్ ప్లాంటు క్యాన్ ధర, ఇలా చుట్టూ తిరిగి వచ్చేదే ఎక్కువ.

ఇప్పుడు ఇళ్ల సంగతి. ఇక్కడ లెక్క మరీ ఆసక్తిగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పాత కేటగిరీలు తీసేసి అందరికీ ఒకే వరుసలో ఆరు స్లాబులు పెట్టారు. మొదటి 30 యూనిట్లకు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. రెండు గదుల అద్దె ఇంట్లో నెలకు 100 యూనిట్లు కాల్చే కుటుంబానికి, మిగతా పద్దులు పక్కన పెడితే, 304 రూపాయలు అవుతుంది. సొంత ఇల్లు, రెండు ఏసీలు ఉన్న కుటుంబం 400 యూనిట్లు కాలిస్తే 2,548 రూపాయలు. ఉన్నవాడు ఎక్కువ కడుతున్నాడు, లేనివాడు తక్కువ కడుతున్నాడు. న్యాయంగానే ఉంది.

ఆ సొంతింటాయన డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాడనుకోండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కేంద్రం 78 వేల రూపాయలు సబ్సిడీ ఇస్తుంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 360 యూనిట్లు వస్తాయి. గ్రిడ్ నుంచి నికరంగా వాడింది 40 యూనిట్లే. బిల్లు 87 రూపాయలు. అంటే డిస్కంకి ఒక్క ఇంటి మీద దాదాపు 2,460 రూపాయల రాబడి పోయింది. కానీ ఆ ఇంటికి తీగ ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, రాత్రి ఏసీకి కరెంటు గ్రిడ్డే ఇవ్వాలి. పోయిన రాబడి ఎక్కడి నుంచి రావాలి? సోలార్ పెట్టుకోలేని వాళ్ల నుంచి. అద్దెకున్నవాళ్లు, అపార్ట్‌మెంట్‌లో నాలుగో వాటా టెర్రస్ ఉన్నవాళ్లు, పిండిమర బాబాయ్‌లు. పై స్లాబు రేటు ఎంత పెంచితే సోలార్ అంత తొందరగా గిట్టుబాటవుతుంది, కింది స్లాబు వాళ్లకు అండగా ఉన్నవాడు అంత తొందరగా జారుకుంటాడు. పెద్ద పరిశ్రమలు చేసేదీ ఇదే. కాకపోతే వాళ్ల భాషలో దాన్ని ఓపెన్ యాక్సెస్ (డిస్కంని కాదని బయట కొనుక్కోవడం), క్యాప్టివ్ ప్లాంట్ (సొంత ప్లాంటు పెట్టుకోవడం) అంటారు.

సోలార్ తప్పని అనడం లేదు. మా ఇంటి మీదా పెట్టించే ఆలోచన ఉంది. చెప్పేదల్లా, చార్జీల పెంపు అనేది ఒక పన్నులాంటిదని, ఆ పన్ను నుంచి బయటపడే తలుపు డబ్బున్నవాళ్లకే తెరుచుకుంటుందని.

ఈ దారిలో చివరిదాకా వెళ్తే ఏమవుతుందో పాకిస్తాన్‌లో చూశాం. అక్కడ ప్రైవేటు విద్యుత్ కంపెనీలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం, కరెంటు కొన్నా కొనకపోయినా కెపాసిటీ పేమెంట్లు కట్టాలి. వాటిలో చాలావరకు డాలర్ విలువకు ముడిపెట్టినవి. పాకిస్తాన్ రూపాయి పడిపోయిన కొద్దీ ఆ భారం పెరిగింది. ఐఎంఎఫ్ షరతులకు లోబడి ప్రభుత్వం చార్జీలు పెంచుతూ పోయింది. 2023 ఆగస్టులో జనం రోడ్లమీద బిల్లులు తగలబెట్టారు. తర్వాత తగలబెట్టడం మానేసి ప్యానెళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. 2024 ఒక్క ఏడాదిలోనే ఆ దేశంలోకి దాదాపు 17 గిగావాట్ల సోలార్ ప్యానెళ్లు దిగుమతయ్యాయి. స్థోమత ఉన్నవాళ్లు గ్రిడ్‌కు దూరం జరిగారు, కెపాసిటీ పేమెంట్లు మాత్రం అంతే ఉన్నాయి. వాటిని పంచుకోవాల్సిన జనం తగ్గారు. మిగిలినవాళ్ల వాటా పెరిగింది. మన డిస్కంల పరిస్థితి అంత దూరం పోలేదు, కానీ ఇక్కడి థర్మల్ ఒప్పందాల్లో కూడా వాడకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీలు ఉన్నాయన్నది మరిచిపోకూడదు.

అయితే పెంచకుండా ఉంటే సరిపోతుందా? ఈ మాట అనేవాళ్లు 2012 నాటి రోజులు గుర్తుచేసుకోవాలి. పరిశ్రమలకు వారానికి మూడు రోజులు పవర్ హాలిడే. బాలానగర్, జీడిమెట్లలో లేత్ మిషన్ల షెడ్లు కరెంటు ఉన్న రోజుల కోసం షిఫ్టులు అటూ ఇటూ మార్చుకుంటూ, కూలీలకు సగం జీతాలు ఇస్తూ నెట్టుకొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ పవర్ హాలిడే వచ్చింది. అప్పుడు కరెంటు కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్‌చేంజీలో యూనిట్ ధరకు 12 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. అంత పెట్టి కొందామన్నా కరెంటు దొరకని గంటలు ఉన్నాయి. కరెంటు కొరత వల్ల మన దేశంలో ఒక సగటు ఫ్యాక్టరీ రాబడి 5 నుంచి 10 శాతం తగ్గుతోందని 2016లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. జనరేటర్ ఉన్నవాడు డీజిల్ పోసి తట్టుకుంటాడు. జనరేటర్ లేని చిన్న షెడ్డు షట్టర్ దించుతుంది. ఇక్కడ కూడా దెబ్బ చిన్నవాడికే ముందు తగులుతుంది. ఖరీదైన కరెంటు కంటే లేని కరెంటే ఎక్కువ ఖరీదు. డిస్కం చేతిలో డబ్బు లేకపోతే జెన్‌కోకు బకాయి పెడుతుంది, జెన్‌కో బొగ్గు కంపెనీకి బకాయి పెడుతుంది, బొగ్గు రైలు ఆలస్యమవుతుంది. ఆ బకాయిల మీద వడ్డీ పెరిగి, రెండేళ్లకు ట్రూ అప్ రూపంలో మన బిల్లులోకే వస్తుంది. బాబాయ్ బిల్లులో 2022-23 లైను వెనక కథ ఇదే.

నైజీరియాలో 2024 ఏప్రిల్‌లో ఒక పని చేశారు. రోజుకు కనీసం 20 గంటలు కరెంటు అందే ప్రాంతాలను బ్యాండ్ ఏ అని పేరు పెట్టి, వాళ్లకు మాత్రమే యూనిట్ రేటును 68 నైరాల నుంచి 225 నైరాలకు పెంచారు. మూడింతల పైనే. ఆ పెంపు మరీ దారుణంగా ఉందని నా అభిప్రాయం. కానీ అందులో ఒక ఒప్పందం ఉంది: ఇన్ని గంటలు ఇస్తేనే ఇంత రేటు. మన దగ్గర చార్జీ పెరిగినప్పుడు బదులుగా ఏం వస్తుందో చెప్పిన ఉత్తర్వు చూశారా ఎప్పుడైనా? లో ఓల్టేజీ తగ్గుతుందనో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఇన్ని గంటల్లో మారుస్తామనో రాసి, లేకపోతే బిల్లులో తగ్గిస్తామని ఎవరైనా అన్నారా?

రైతుల ఉచిత విద్యుత్ వల్లే ఇదంతా అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. రైతుకు ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వ విధానం. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వాలనుకున్న ప్రభుత్వం ఆ సబ్సిడీ డబ్బును డిస్కంకి ముందుగానే కట్టాలి. చట్టం ముందుగా అంటుంది. ఖజానా వీలున్నప్పుడు అంటుంది. పంచాయతీ మోటార్లు, మున్సిపాలిటీ వీధి దీపాలు, ఎత్తిపోతల పథకాల పంపుల బిల్లులదీ ఇదే కథ. బాబాయ్ పదిహేను రోజులు ఆలస్యం చేస్తే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు తీసుకెళ్తాడు. ప్రభుత్వ ఆఫీసు ఫ్యూజు తీసిన లైన్‌మన్‌ని నేనింకా చూడలేదు. తెలంగాణలో 2022లో ఇళ్లకు యూనిట్‌కు 50 పైసలు, మిగతావారికి రూపాయి పెంచి, 2024లో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం చేశారు. పేదింటికి అది నిజంగా ఊరట. కానీ 201వ యూనిట్ దగ్గర మొత్తం బిల్లు మీద పడుతుంది కాబట్టి, నెలాఖరులో మీటరు వైపు చూస్తూ టెన్షన్ పడే ఇళ్లు చాలా ఉన్నాయి. వాటి సబ్సిడీ అయినా సమయానికి డిస్కంకి చేరితే, ఇంకొకరి బిల్లులో వడ్డీగా తేలదు.

నన్నడిగితే, పెంచక తప్పనప్పుడు ఏడాదికి ఒకసారి, చిన్న మొత్తంలో, ఏప్రిల్‌కి ముందే చెప్పి, యూనిట్ రేటులోనే పెంచాలి. తిట్లు పడతాయి, పడనివ్వాలి. తిట్టించుకోవడం ఇష్టం లేక దాచిపెట్టిన పెంపు తర్వాత వడ్డీతో వస్తుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి వాయిదా బాకీల మీద తీర్పు ఇచ్చింది. ఏళ్ల తరబడి పేరుకున్న వాటిని 2024 ఏప్రిల్ నుంచి ఏడేళ్లలోపు తేల్చేయాలని, ఇకమీదట ఇంతలా పేరుకోనివ్వకూడదని నియంత్రణ మండళ్లకు చెప్పింది. తీర్పు సబబే, కానీ పాత బాకీ తీర్చడమంటే మళ్లీ బిల్లులోకి ఎక్కించడమే అవుతుందేమోనని నా భయం. ఆ బాకీలో ప్రభుత్వం ఎగ్గొట్టిన సబ్సిడీ వాటా ఎంతో ముందు తేల్చి, అది ఖజానా నుంచే రాబట్టాలి. రూపాయి సుంకం సంగతి కూడా చూడాలి. అది డిస్కంకి వెళ్లే డబ్బు కాదు, నేరుగా ప్రభుత్వానికి పోయే పన్ను. బొగ్గు ధరతో దానికి సంబంధం లేదు. నియంత్రణ మండలి ముందు బహిరంగ విచారణ కూడా ఉండదు. ఒక జీవోతో పెరిగింది, ఒక జీవోతో తగ్గొచ్చు. చిన్న పరిశ్రమల వరకైనా పాత 6 పైసలకు తెస్తే, బాబాయ్‌కి ఏ కొత్త పథకమూ అక్కర్లేదు.

మొన్న డిసెంబరులో మళ్లీ మరకి వెళ్లాను. మోటారు లోడు తగ్గించుకుంటే ఫిక్స్‌డ్ చార్జీ తగ్గుతుందని ఎవరో చెప్పారట, దరఖాస్తు నింపి పెట్టుకున్నాడు. తగ్గిస్తే కారం ఆడించే రెండో మర నడవదు. కారం సీజనుకి ఇంకా మూడు నెలలుంది. దరఖాస్తు తారీఖు గడి ఖాళీగానే వదిలేశాడు. కొత్తగా వచ్చిన బిల్లులో యూనిట్‌కు 13 పైసలు తగ్గింపు చూపించి, ట్రూ డౌన్ అట బాబాయ్, పాత లెక్కల్లో ఎక్కువ తీసుకున్నది వెనక్కి ఇస్తున్నారు అన్నాను. అద్దాలు పైకి తోసుకుని ఆ లైను రెండుసార్లు చదివాడు. "ఇదైనా ఏ సంవత్సరానిదో రాశారా?" అని అడిగి, బిల్లుని గోడమీది చువ్వకి గుచ్చి, బెల్టు సర్దుకుని స్విచ్ వేశాడు.